విద్యార్థుల అభ్యంతరకర వీడియోలు: బడి ఏం చేయాలి, తల్లిదండ్రులు ఏం అడగాలి – తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, వరంగల్, కాజీపేట బడుల్లోనైనా, జనగామ, మహబూబాబాద్, ములుగు వైపు గురుకులాల్లోనైనా తల్లిదండ్రుల సమావేశం జరిగిన ప్రతిసారీ ఒకే రకం సందేహాలు వస్తున్నాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినంత మాత్రాన పిల్లల వీడియోలు ఆగలేదు. అవి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లోకి, యూట్యూబ్ షార్ట్స్‌లోకి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి మారాయి. తోటి పిల్లను అవమానించే వీడియో, టీచర్‌ను వెక్కిరించే రీల్, కులం పేరుతో తిట్టే క్లిప్, తెలియకుండా తీసిన దృశ్యం బయటపడినప్పుడు బడి చాలాసార్లు రెండే పనులు చేస్తోంది: అయితే విషయాన్ని కప్పిపుచ్చుతోంది, లేదంటే టీసీ రాసి ఇస్తోంది. ఈ రెండింటి వల్లా ఎవరికీ మేలు జరగదు. ముందు గాయపడిన పిల్లను కాపాడాలి, తర్వాత వీడియో వ్యాప్తిని ఆపాలి, ఆ తర్వాత తీసినవారి సంగతి చూడాలి. ఆ తీసినవారు కూడా ఆ బడి పిల్లలేనన్న సంగతి చివరిదాకా గుర్తుండాలి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నగా చదువుకునేలా జవాబులు రాశాను, అందువల్ల కొన్ని మాటలు మళ్లీ కనిపిస్తాయి.

## వీడియో బయటపడిన రోజు

మా పాప వీడియో గ్రూపుల్లో తిరుగుతోందని ఇప్పుడే తెలిసింది. ముందుగా ఏం చేయాలి?

ముందుగా పాప దగ్గర కూర్చోండి. "నువ్వెందుకు అక్కడికి పోయావు, ఎందుకు నవ్వావు" అని ఆ గంటలో అడగవద్దు. "నీ తప్పు లేదు, మేం చూసుకుంటాం" అన్న మాట పాప చెవిన పడాలి. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలవద్దు. తర్వాత ఒక కాగితం మీద వీడియో లింకు, పెట్టిన ఖాతా పేరు, మీరు చూసిన తేదీ, సమయం, ఏ గ్రూపులో ఎవరి నంబరు నుంచి వచ్చిందో రాసుకోండి. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి ఈ పనిని రేపటికి వాయిదా వేయకూడదు. వీడియోలో నగ్నత్వం లేకపోతే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవచ్చు. ఆ తర్వాత ఆ వేదికలోనే రిపోర్ట్ చేసి, ప్రధానోపాధ్యాయుడికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. పిల్లల సహాయవాణి 1098 రాత్రి పూట కూడా పనిచేస్తుంది.

ఆ వీడియోను సాక్ష్యంగా నా ఫోన్‌లో దాచుకోవచ్చా? హెడ్‌మాస్టర్ గారికి పంపవచ్చా?

వీడియోలో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. తిట్లు, వెక్కిరింపు, కొట్లాట ఉన్న వీడియో అయితే ఒక నకలు దాచి, బడి బాధ్యులకు చూపించవచ్చు. అయితే 18 ఏళ్ల లోపు పిల్లల నగ్న దృశ్యం లేదా లైంగిక దృశ్యం ఉన్నదైతే దాన్ని దాచకూడదు, స్క్రీన్‌షాట్ తీయకూడదు, మంచి ఉద్దేశంతో కూడా ఎవరికీ పంపకూడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం సెక్షన్ 15, ఐటీ చట్టం సెక్షన్ 67బీ అటువంటి వీడియోలకే వర్తిస్తాయి. ఇలాంటి దృశ్యాలను తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా దగ్గర ఉంచుకోవడాన్ని తేలికగా తీసుకోరాదని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్ 23న ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. కాబట్టి లింకు, ఖాతా పేరు, సమయం మాత్రమే రాసుకుని, ఫోన్‌ను ఉన్నది ఉన్నట్టుగా పోలీసులకు చూపించండి. సాక్ష్యం సేకరించే పని వారిది. "ఇదిగో చూడండి సార్" అంటూ స్టాఫ్ గ్రూపులో పెట్టిన వీడియో ఆ పాపను రెండోసారి గాయపరుస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో ఉన్న వీడియోను ఎలా తీయించాలి?

ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో ప్రతి వీడియో పక్కన ఉండే మూడు చుక్కలు నొక్కితే రిపోర్ట్ అన్నది కనిపిస్తుంది. "నాకు నచ్చలేదు" అనే తేలిక కారణాన్ని ఎంచుకోకుండా వేధింపు, నగ్నత్వం, మరొకరిలా నటించడం వంటి సరైన కారణాన్ని ఎంచుకుంటే ఫిర్యాదు త్వరగా కదులుతుంది. దానితో పనికాకపోతే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 2021 ఐటీ నియమాల ప్రకారం పెద్ద వేదికలన్నీ భారతదేశంలో అటువంటి అధికారిని నియమించి తీరాలి. నగ్న దృశ్యాల విషయంలోనూ, మార్ఫింగ్ విషయంలోనూ చాలా తక్కువ గడువులోనే చర్య తీసుకోవాలని ఆ నియమాలు చెబుతాయి. అధికారి జవాబుతో తృప్తి లేకపోతే కేంద్రం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు.

వాట్సాప్ సంగతి వేరు. అక్కడ సందేశాలను చదవడం సంస్థకు సాధ్యం కాదు కాబట్టి తొలగించే పని మనుషులే చేయాలి. గ్రూపు అడ్మిన్ ఇతరులు పెట్టిన సందేశాన్ని కూడా అందరి ఫోన్లలో తొలగించగలడు. చాలా ఊరి గ్రూపుల అడ్మిన్లకు ఈ సంగతి తెలియదు, కాబట్టి ఫోన్ చేసి మర్యాదగా, గట్టిగా అడగండి. 18 ఏళ్లు నిండని పిల్లల నగ్న దృశ్యం, లైంగిక దృశ్యం ఉన్న వీడియోల కోసం టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. అది వీడియోను ఎక్కడికీ పంపకుండా మీ ఫోన్‌లోనే దానికొక డిజిటల్ ముద్ర తయారు చేసి, ఆ ముద్రను మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి వేదికలకు ఇస్తుంది.

నేను క్లాస్ టీచర్‌ను. అనుమానం ఉన్న పిల్లల ఫోన్లు తీసుకుని గ్యాలరీ చూడవచ్చా?

బడి నియమాల ప్రకారం ఫోన్‌ను తీసుకుని, మూసి, పేరు రాసి, తల్లిదండ్రులు వచ్చేదాకా బీరువాలో ఉంచవచ్చు. దాన్ని తెరిచి గ్యాలరీ, చాట్లు చూడటం మాత్రం వేరే విషయం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది, ఆ హక్కు పిల్లలకూ ఉంది. తల్లి లేదా తండ్రి ఎదురుగా, వారి అంగీకారంతో, పిల్లవాడే ఫోన్ తెరిచి చూపేలా చేయండి. తీవ్రమైన నేరం అనిపిస్తే అసలు తెరవవద్దు, పోలీసులకు అప్పగించండి. టీచర్ తెరిచి, తొలగించి, మార్చిన ఫోన్ సాక్ష్యంగా బలహీనపడుతుంది.

బడి పేరు పోతుందని, బయటకు చెప్పవద్దని అంటున్నారు. దాచవచ్చా?

పిల్లల మీద లైంగిక నేరం జరిగిందన్న అనుమానం ఉంటే దాచడానికి వీల్లేదు. పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం ఆ సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల వరకు జైలు శిక్ష ఉంది. తన కింద పనిచేసేవారి నేరాన్ని సంస్థ బాధ్యుడు దాస్తే ఆ శిక్ష ఏడాది వరకు ఉంటుంది. మిగతా సందర్భాల్లో చట్టం బలవంతపెట్టకపోయినా, దాచిన వీడియో దాగి ఉండదని బడి యాజమాన్యాలు గ్రహించాలి. నిజాయితీగా వ్యవహరించిన బడిని తల్లిదండ్రులు గౌరవిస్తారు.

## విచారణ దశ

దసరా సెలవుల్లో, బతుకమ్మ ఆడుతున్నప్పుడు ఊళ్లో తీసిన వీడియో ఇది. బడికి ఏం సంబంధం?

ఎక్కడ తీశారన్నది ఒక్కటే కొలమానం కాదు. ఆ వీడియో వల్ల ఆ పాప తరగతిలో కూర్చోలేకపోతుంటే, పిల్లలు బస్సులో, మైదానంలో దాన్ని చూపించి నవ్వుతుంటే, అది బడి విషయమే అవుతుంది. అలాగని పిల్లలు ఇంటి దగ్గర మాట్లాడే ప్రతి మాట మీదా బడికి అధికారం లేదు. ఇతర దేశాల న్యాయస్థానాలు కూడా ఈ గీత ఎక్కడ గీయాలన్న దానితో కుస్తీ పడ్డాయి. పెన్సిల్వేనియాలో ఒక విద్యార్థిని సెలవు రోజున, బడి బయట స్నాప్‌చాట్‌లో బడిని తిట్టినందుకు ఆమెను చీర్‌లీడింగ్ జట్టు నుంచి తప్పిస్తే, అది తప్పని అమెరికా సుప్రీంకోర్టు 2021 జూన్ 23న 8–1 ఆధిక్యంతో తేల్చింది. అయితే తీవ్రమైన వేధింపు, బెదిరింపు వంటివి బడి బయట జరిగినా బడి కల్పించుకోవచ్చని అదే తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన దేశంలో చెల్లదు, కానీ ఆ ఆలోచన మనకు పనికొస్తుంది: బడి మీద కోపంతో అన్న మాటను భరించాలి, తోటి పిల్లను గాయపరిచే మాటను ఆపాలి.

విచారణ ఎవరు చేయాలి? ఎలా చేయాలి?

ప్రధానోపాధ్యాయుడు, పిల్లలకు నమ్మకం ఉన్న ఒక ఉపాధ్యాయిని, పాఠశాల కమిటీ నుంచి ఒక తల్లి లేదా తండ్రి కలిసి చేయడం మంచిది. అవమానానికి గురైన టీచర్ గానీ, ఆ పిల్లల బంధువులు గానీ ఆ బృందంలో ఉండకూడదు. గాయపడిన పిల్లను, వీడియో తీసిన పిల్లను ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు; ఇద్దరినీ వేర్వేరు రోజుల్లో కాకపోయినా వేర్వేరు గదుల్లో, వారి తల్లిదండ్రుల సమక్షంలో వినాలి. జరిగిన సంగతిని గాయపడిన పిల్ల ఒక్కసారే చెప్పాలి. క్లాస్ టీచర్‌కు ఒకసారి, హెడ్‌మాస్టర్‌కు ఒకసారి, కరస్పాండెంట్‌కు ఒకసారి చెప్పించడం హింసే.

వీడియో తీసిన విద్యార్థికి ఆరోపణ ఏమిటో స్పష్టంగా చెప్పి, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పోలీసు కేసు కాదగిన విషయమైతే బడి లోతుగా ప్రశ్నించడం మానుకోవాలి. బలవంతంగా "ఒప్పుకోలు పత్రం" రాయించడం ఈ ప్రాంతపు బడుల్లో తరచుగా కనిపించే పొరపాటు. భయంతో రాసిన కాగితం నిజాన్ని చెప్పదు, కానీ జీవితకాలం ఆ పిల్లవాడి మీద వాడబడే ప్రమాదం ఉంది. ప్రతి అడుగునూ తేదీతో రాసి, ఆ ఫైలును ప్రధానోపాధ్యాయుడి దగ్గర తాళం వేసి ఉంచాలి.

మా బాబు వీడియో తీయలేదు, ఫార్వర్డ్ మాత్రమే చేశాడు. వాడిది కూడా తప్పేనా?

తప్పే. నగ్న దృశ్యమో, లైంగిక దృశ్యమో అయితే పంపినవారు కూడా చట్టం దృష్టిలో నేరంలో భాగస్తులే, తీసినవారు ఒక్కరే కాదు. ఐటీ చట్టం ప్రచురించడంతో పాటు ప్రసారం చేయడాన్ని కూడా నేరంగా చెబుతుంది. ఇతర వీడియోల విషయంలో బడి ఒక తేడా చూడాలి: మొదట పెట్టినవారు, వ్యాఖ్య జోడించి వ్యాపింపజేసినవారు, ఆలోచించకుండా ఒకరికి పంపి ఆపినవారు ఒకే కోవకు చెందరు. చూసి వెంటనే టీచర్‌కు చెప్పిన పిల్లలను మాత్రం ఏ పరిస్థితిలోనూ శిక్షించకూడదు. శిక్షిస్తే మరుసటిసారి ఎవరూ నోరు విప్పరు.

ఇది ఏఐతో చేసిన నకిలీ వీడియో. అసలు మనిషిది కాదు కదా?

ముఖం అసలు మనిషిది, అవమానం కూడా ఆ మనిషిదే. 2019 సవరణ తర్వాత పోక్సో చట్టం, అసలు పిల్లలేనని భ్రమ కలిగించే కంప్యూటర్ సృష్టిని కూడా పిల్లల అశ్లీల చిత్రం నిర్వచనంలోకి తెచ్చింది. తరగతి ఫొటో నుంచి ముఖం కత్తిరించి ఇలాంటివి తయారు చేయడం ఇప్పుడు ఫోన్‌లోనే సాధ్యమవుతోంది కాబట్టి, బడులు వార్షికోత్సవ ఫొటోలను అందరికీ కనిపించే పేజీల్లో పేర్లతో సహా పెట్టే అలవాటును పునరాలోచించాలి. నకిలీ అని తేలితే ఆ మాటను పాప తరగతికి బడే స్పష్టంగా చెప్పాలి, పాప చేత నిరూపించుకోమని అనకూడదు.

పిల్లలు టీచర్‌ను వెక్కిరిస్తూ రీల్ చేశారు. ఇది కూడా నేరమేనా?

టీచర్ నడకను, మాట తీరును అనుకరించడం నేరం కాదు. బాధ కలిగించేదే, కానీ దానికి పోలీసు స్టేషన్ మందు కాదు. టీచర్ అనుమతి లేకుండా తరగతిలో రహస్యంగా వీడియో తీయడం బడి నియమం ప్రకారం క్రమశిక్షణ విషయం. మహిళా టీచర్ ఫొటోను మార్ఫ్ చేసినా, అసభ్య వ్యాఖ్యలు జోడించినా, బెదిరించినా అది వేరు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 79, ఐటీ చట్టం సెక్షన్ 67 వంటివి వర్తిస్తాయి, షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేయవచ్చు. టీచర్‌ను "పిల్లలే కదా, వదిలేయండి" అని ఒంటరిగా వదిలేయడం కూడా అన్యాయమే. ఆమె పక్కన యాజమాన్యం నిలబడాలి, ఆ తరగతికి కొన్నాళ్లు వేరే టీచర్‌ను పంపాలా అన్నది ఆమె ఇష్టానికి వదలాలి.

వీడియోలో కులం పేరు పెట్టి తిట్టారు. బడి స్థాయిలోనే మాట్లాడుకుంటే సరిపోదా?

సరిపోదు. ఎస్సీ, ఎస్టీలను నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం) సెక్షన్ 3(1) కింద నేరం. ఆ కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. వరంగల్ కమిషనరేట్‌లో ఆ స్థాయి అధికారి ఏసీపీ. తిట్టిన పిల్లవాడికి 18 ఏళ్లు నిండకపోతే విషయం బాలల న్యాయ మండలి ముందుకు వెళుతుంది. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది గాయపడిన కుటుంబం హక్కు, బడి వారిని ఆపకూడదు, ఒత్తిడి చేయకూడదు. కేసు ఉన్నా లేకున్నా బడి తన పని తాను చేయాలి. తరగతి గదిలో కూర్చునే వరుసల్లో, మధ్యాహ్న భోజనం దగ్గర, వంట చేసేవారి పట్ల పిల్లలు ఎలా ప్రవర్తిస్తున్నారో గమనించాలి, ఎందుకంటే కెమెరా ముందు వచ్చిన తిట్టు అంతకు ముందు చాలాసార్లు కెమెరా లేకుండా వచ్చి ఉంటుంది. ఇంట్లో పెద్దలు వాడే మాటలే పిల్లల నోటికి వస్తాయి కాబట్టి తల్లిదండ్రులతోనూ మాట్లాడాలి.

## చర్య తీసుకునే దశ

వెంటనే టీసీ ఇచ్చి పంపేస్తామంటున్నారు. అలా చేయవచ్చా?

ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోగా ఏ విద్యార్థినీ బడి నుంచి వెళ్లగొట్టకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 చెబుతుంది. "మీరే అడిగినట్టు రాసివ్వండి" అని తల్లిదండ్రుల చేత దరఖాస్తు రాయించి టీసీ ఇవ్వడం కూడా ఆ నియమాన్ని తప్పించుకునే ఉపాయమే. తొమ్మిది, పది తరగతుల విషయంలో ఆ సెక్షన్ వర్తించకపోయినా, ముందస్తు నోటీసు, వాదన వినడం, తప్పుకు తగిన చర్య అనే సహజ న్యాయ సూత్రాలు వర్తిస్తాయి. పది పరీక్షల ముంగిట టీసీ ఇవ్వడం పిల్లవాడి ఏడాదిని నాశనం చేయడమే.

ఇలాంటి టీసీ తీసుకున్న పిల్లవాడు పక్క మండలంలోని బడిలో చేరతాడు, ఫోన్ చేతిలోనే ఉంటుంది, నేర్చుకున్నదేమీ ఉండదు. గాయపడిన పాపకు కూడా అది ఊరట కాదు. చాలాసార్లు "వాణ్ని నువ్వే పంపించావు" అనే నింద ఆమె మీద పడుతుంది. ఇలా టీసీ ఇస్తే జిల్లా విద్యాధికారికి, అవసరమైతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. గాయపడిన పాప రక్షణ కోసం తరగతిలో సెక్షన్ మార్చవలసి వస్తే, మారవలసింది వీడియో తీసిన విద్యార్థే గానీ ఆ పాప కాదు.

ప్రేయర్‌లో అందరి ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పిస్తే బుద్ధి వస్తుంది కదా?

రాదు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం, గుండు గీయించడం, క్షమాపణను వీడియో తీసి గ్రూపులో పెట్టడం, ఇవన్నీ అవమానానికి అవమానాన్ని జోడించడమే, పైగా గాయపడిన పాప కథను బడి మొత్తానికి గుర్తు చేయడమే. క్షమాపణ అడగాలి, అయితే గాయపడిన పిల్ల ఒప్పుకుంటేనే, ఆమె కోరిన రూపంలో, ఒక ఉత్తరంగానో నలుగురి సమక్షంలోనో జరగాలి. ఆమె వద్దంటే అక్కడితో ఆగాలి. క్షమించమని ఆమెను ఒత్తిడి చేయకూడదు.

మరి ఏ చర్య సరైనది?

జరిగిన నష్టాన్ని సరిచేసేలా చర్య ఉండాలి. వీడియోను తానే తొలగించడం, తాను పంపిన ప్రతి ఒక్కరినీ అడిగి తొలగింపజేయడం, ఆ జాబితాను క్లాస్ టీచర్‌కు చూపించడం మొదటి మెట్టు. ఇది కష్టమైన పని, పిల్లలకు తాము చేసింది ఎంత దూరం పోయిందో ఇక్కడే అర్థమవుతుంది. తర్వాత కొన్ని వారాల పాటు కౌన్సెలింగ్, తల్లిదండ్రుల లిఖిత హామీ, క్రీడా జట్టు నుంచో వార్షికోత్సవం నుంచో కొంతకాలం తప్పించడం వంటివి ఉంటాయి. తీవ్రమైన విషయాల్లో కొద్ది రోజుల సస్పెన్షన్ ఉండవచ్చు, అయితే ఆ రోజుల పాఠాలు అందేలా చూడాలి. ఒకే తప్పుకు కలెక్టరేట్‌లో పనిచేసే వారి అబ్బాయికి ఒక శిక్ష, కూలి పనికి వెళ్లే వారి అబ్బాయికి మరొక శిక్ష పడితే, పిల్లలు దాన్నే పాఠంగా నేర్చుకుంటారు.

రెండు కుటుంబాలు పెద్దమనుషుల దగ్గర రాజీపడ్డాయి. బడి ఇక ఊరుకోవచ్చా?

పోక్సో కేసులు, అట్రాసిటీ కేసులు పెద్దమనుషుల పంచాయితీలో ముగిసేవి కావు. డబ్బు చేతులు మారిన రాజీలో పాప మాట ఎవరూ అడగరు. చిన్న గొడవలైతే కుటుంబాలు సర్దుకోవడం మంచిదే, అయినా వీడియో తొలగిందా, పాప తరగతిలో నెమ్మదిగా ఉందా అన్నది బడి స్వయంగా చూసుకోవాలి.

## పోలీసులు, చట్టం

పోలీసులకు తప్పనిసరిగా ఎప్పుడు చెప్పాలి? ఎక్కడ చెప్పాలి?

18 ఏళ్ల లోపు పిల్లల నగ్న దృశ్యం, లైంగిక వేధింపు, బాత్రూముల్లో హాస్టళ్లలో రహస్యంగా తీసిన వీడియో, డబ్బు కోసమో మరిన్ని ఫొటోల కోసమో బెదిరింపు, ప్రాణాపాయం కలిగించే దాడి, వీటిలో ఏది ఉన్నా అదే రోజు చెప్పాలి. దగ్గరి పోలీసు స్టేషన్, 112, సైబర్ నేరాల సహాయవాణి 1930, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైటు అందుబాటులో ఉన్నాయి. లైంగిక నేరానికి గురైన పిల్లల కోసం వరంగల్‌లో భరోసా కేంద్రం ఉంది, అక్కడ కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒకే చోట దొరుకుతాయి. పోక్సో చట్టం ప్రకారం పాప వాంగ్మూలాన్ని ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, వీలైనంత వరకు మహిళా అధికారి యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. రాత్రి పూట పాపను స్టేషన్‌లో ఉంచకూడదు. ఇది మీ హక్కు కాబట్టి మర్యాదగా అడగండి.

ఎస్సై గారు మా బాబును స్టేషన్‌కు తీసుకురమ్మన్నారు. జైల్లో వేస్తారా?

వేయకూడదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారిని లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు, సంకెళ్లు వేయకూడదు. ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి; ఆయన మామూలు దుస్తుల్లో, తల్లిదండ్రుల సమక్షంలో మాట్లాడాలి. ఆ చట్టం కింద 2016లో వచ్చిన కేంద్ర నమూనా నియమాలు, నేరం ఘోరమైనది కాకపోతే, పెద్దలతో కలిసి చేసినది కాకపోతే, ఎఫ్ఐఆర్ కాకుండా డైరీలో నమోదు చేసి, పిల్లవాడి సామాజిక నేపథ్య నివేదికతో బాలల న్యాయ మండలికి పంపాలంటాయి. ఏ వాంగ్మూలం మీదా పిల్లవాడి చేత సంతకం చేయించకూడదు. మండలి తేల్చిన తర్వాత కూడా అది అతని భవిష్యత్ చదువుకో ఉద్యోగానికో అనర్హత కాకూడదని సెక్షన్ 24 చెబుతుంది. 16 ఏళ్లు దాటి అత్యంత ఘోర నేరం చేసి, పెద్దవారిలా విచారణ ఎదుర్కొన్న వారి సంగతి మాత్రమే వేరు. న్యాయవాది కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది.

66ఏ కింద కేసు పెడతామని బెదిరిస్తున్నారు. నిజమేనా?

కాదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ సెక్షన్ కింద ఎవరి మీదా కేసు పెట్టకూడదు.

ఒక విలేకరి వచ్చి పేర్లు, ఫొటోలు అడుగుతున్నారు. యూట్యూబ్ చానల్ వాళ్లు గేటు దగ్గర నిలబడ్డారు. ఏం చేయాలి?

పేరు, ఫొటో, ఇల్లు, తరగతి, బడి పేరు, ఏదీ ఇవ్వకండి. గాయపడిన పిల్లదే కాదు, వీడియో తీసిన పిల్లవాడిది కూడా. బాలల న్యాయ చట్టం సెక్షన్ 74, పోక్సో చట్టం సెక్షన్ 23 పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని శిక్షార్హం చేశాయి. ముఖం మసకగా చూపించి ఊరి పేరు, తండ్రి వృత్తి చెప్పినా గుర్తింపు బయటపడినట్టే. ప్రధానోపాధ్యాయుడు ఒక్కరే మాట్లాడాలి. "విషయం మా దృష్టిలో ఉంది, చట్ట ప్రకారం చేస్తున్నాం" అన్న వాక్యం చాలు.

## తర్వాతి రోజులు

మా పాప బడికి పోనంటోంది. బలవంతంగా పంపాలా?

బలవంతం వద్దు, అలాగని నెలల తరబడి ఇంట్లో ఉంచవద్దు. ఇంట్లో కూర్చున్న కొద్దీ భయం పెరుగుతుంది. మొదటి కొన్ని రోజులు ఒక పూట మాత్రమే బడికి పంపండి. గేటు దగ్గరకు ఒక టీచర్ వచ్చి తీసుకెళ్లేలా, ఎవరైనా వీడియో గురించి ఎత్తితే వెళ్లి కూర్చునే చోటు ఒకటి ముందే ఉండేలా హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి. ఒకరిద్దరు నమ్మకమైన స్నేహితురాళ్లను పక్కన కూర్చోబెట్టమనండి. తిండి తగ్గించడం, నిద్ర పట్టకపోవడం, చచ్చిపోతానన్న మాట, చేతుల మీద గాట్లు కనిపిస్తే ఆలస్యం చేయకండి. టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి తీసుకెళ్లడాన్ని పరువు విషయంగా చూడవద్దు.

వీడియో తీసిన మా అబ్బాయితో ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు. వాడి బాధ ఎవరికి చెప్పాలి?

చేసింది తప్పని చెబుతూనే, వాడి పక్కన నిలబడండి. ఈ వయసులో బహిష్కరణ ప్రమాదకరం. అవమాన భారంతో ప్రాణం తీసుకునే ఆలోచన వాడికి కూడా రావచ్చు. వాడి కోసం కూడా కౌన్సెలింగ్ అడగండి. వాడు బాధ్యత తీసుకుని చేయవలసినది చేశాక, ఆ విషయాన్ని మళ్లీ మళ్లీ ఎత్తవద్దని టీచర్లను కోరండి. గాయపడిన పాప ఇంటికి వెళ్లి బతిమాలడం మాత్రం మానండి, అది ఆ కుటుంబానికి ఒత్తిడే అవుతుంది.

బడిలో ఫోన్లు పూర్తిగా నిషేధిస్తే సరిపోతుంది కదా?

కొంత ఉపయోగం ఉంది, పూర్తి పరిష్కారం కాదు. గురుకులాల్లో ఫోన్లు లేకపోయినా సెలవుల్లో ఇంటికి వెళ్లగానే అమ్మ ఫోన్‌లో ఖాతా తెరుచుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు కనీస వయసు 13. అంతకంటే చిన్న పిల్లల ఖాతా కనిపిస్తే దాన్ని తొలగించమని ఎవరైనా కోరవచ్చు. నిషేధంతో పాటు మూడు సంగతులు ఉండాలి: విద్యా సంవత్సరం మొదట్లోనే తెలుగులో రాసి తల్లిదండ్రులతో సంతకం చేయించిన నియమం, పేరు చెప్పకుండా ఫిర్యాదు వేయగల పెట్టె, ఆ పెట్టెను వారానికొకసారైనా తెరిచే ఒక మనిషి. మూడోది లేని బడుల్లో పెట్టె దుమ్ము పట్టి ఉంటుంది.

ఏడాది గడిచాక అదే వీడియో మళ్లీ బయటకొస్తే?

పాపకు ఇతరుల నోట తెలియక ముందే ఇంట్లోవాళ్లు, క్లాస్ టీచర్ చెప్పాలి. మొదటిసారి రాసుకున్న లింకులు, ఫిర్యాదు నంబర్లు, ఎఫ్ఐఆర్ నకలు బయటకు తీసి, కొత్త లింకును రిపోర్ట్ చేసి, పాత ఫిర్యాదు సంఖ్యను అందులో రాయండి. కేసు నడుస్తుంటే దర్యాప్తు అధికారికి అదే రోజు తెలియజేయండి, ఎందుకంటే కొత్తగా పెట్టినవారు పాత నిందితులు కాకపోవచ్చు, వారిది వేరే నేరం అవుతుంది. పాప బడి మారినా, ఇంటర్ చదువుకు హన్మకొండ వచ్చి చేరినా, పాత బడి ప్రధానోపాధ్యాయుడు ఆ ఫైలు తీసి సహకరించవలసిందే. కొత్త కాలేజీకి ఏం చెప్పాలన్నది మాత్రం పాప, ఆమె తల్లిదండ్రులు నిర్ణయిస్తారు.